పద్నాలుగో నంబరు బూజు

మా కార్ఖానాలో బూజు అంటే తిట్టు. వానకాలంలో గోడకు ఆనించి పెట్టిన తాకాకు, అంటే వంద మీటర్ల గుడ్డ చుట్టకు, చెమ్మ తగిలిందంటే వారం తిరిగేసరికి నల్ల చుక్కలు లేస్తాయి. ఆ చుక్కల్ని కనిపెట్టి తాకాను పక్కకు తీయించడం నా పనిలో ఒక భాగం. సూరత్‌లో ఇరవై ఎనిమిదేళ్లుగా, అందులో పంతొమ్మిదేళ్లు బమ్రోలి పేటలోని ఈ కార్ఖానాలోనే, నేను చేస్తున్నది గుడ్డలో తప్పులు వెతకడం. చిన్న భూతద్దం పెట్టి అంగుళానికి ఎన్ని పేక పోగులు పడ్డాయో లెక్కించాలి. పన్నా, అంటే వెడల్పు, కొలవాలి. తెగిన పోగులు, నూనె మరకలు రాసి పెట్టాలి. నేను చదివింది ఏడో తరగతి. సగటు తీయడం, దశాంశాలు వేయడం ఆ గుడ్డ మీదే నేర్చుకున్నాను.

అట్లాంటి నాకు పుట్టిన బిడ్డ బూజును పెంచడమే చదువుగా పెట్టుకుంది. బార్డోలీ రోడ్డు మీది ఒక కాలేజీలో సూక్ష్మజీవుల మీద ఎమ్మెస్సీ చేస్తూ, ఒకరోజు అన్నం ముందు కూర్చుని ఆ మాట చెప్పింది.

"బూజు పెంచుడు గూడ ఒక సదువేనా బిడ్డా? మా గోదాముకు రా, ఉత్తగనే ఇస్త," అన్నాను.

"మీ గోదాముది నాకొద్దు బాపు. నాది సముద్రం బూజు."

అప్పుడు చెప్పింది. సముద్రంలో స్పాంజి అని ఒక ప్రాణి ఉంటుంది. అది పరుగెత్తలేదు, కరవలేదు, రాయికో పీత డొప్పకో అతుక్కుని ఉంటుంది. దాని ఒంట్లో బూజు కాపురం పెడుతుంది. చుట్టూ నీళ్లలో లెక్కలేనన్ని సూక్ష్మజీవులు అదే చోటు కోసం వస్తుంటాయి. వాటిని రానీయకుండా కొన్ని బూజులు ఒక రసం వదులుతాయి. ఆ రసం మన పుండ్లలో చీము పట్టించే బ్యాక్టీరియాను కూడా ఆపగలిగితే, ఏనాటికైనా ఒక మందుకు దారి దొరకవచ్చు. ఇప్పుడున్న మందులు చాలావాటికి ఆ బ్యాక్టీరియా లొంగడం మానేసింది.

"అంటే గల్లీల నల్లా కాడ జాగ పట్టుకున్నట్టా?"

"గంతే బాపు. బిందె పెట్టి, ఎవ్వల్నీ దగ్గరికి రానియ్యకుండ అవ్వ నిలవడ్తది సూడు, అట్ల."

వంటింట్లోంచి మా ఇంటామె గొంతు వచ్చింది. "నేను నిలవడకుంటె మీ తండ్రీబిడ్డలు ఏం తాగుతరో సూస్త!"

కరోనాకు ముందటి చలికాలం ఆరు ఆదివారాలు మేమిద్దరం డుమస్ వైపు చేపల రేవుకు వెళ్లాం. వలలు దులిపినప్పుడు పడే చెత్త మాకు కావాలి. పీత డొప్పలు, నాచు, స్పాంజి ముక్కలు, గవ్వలు. ఐసు పెట్టె మోసేది నేను, సంచుల మీద నంబర్లు వేసేది నేను. అక్కడ చేపలు ఏరే ఒక ఆడమనిషి మా వంక చూసి గుజరాతీలో పక్కామెతో అంది, "చేపలు వదిలేసి చెత్త తీసుకుపోతున్నారు, పాపం, వీళ్లకు వండుకోవడం రాదేమో!" నా బిడ్డ గుజరాతీలోనే జవాబు చెప్పింది, "మాసీ, మీరు చేపలు వండండి, నేను చెత్త వండుతాను." ఆ తర్వాత ఆమె స్పాంజి ముక్క దొరికినప్పుడల్లా మాకోసం ఒక తట్టలో విడిగా పెట్టేది.

ఆ చెత్తలోంచి బిడ్డ పంతొమ్మిది బూజులను విడదీసింది. ఒక్కొక్కటి ఒక్కొక్క గాజు గొట్టంలో. పేర్లు తర్వాత తెలుస్తాయట, అప్పటిదాకా ఒకటి నుంచి పంతొమ్మిది. ఆ పద్ధతి నాకు నచ్చింది.

అంతలో లాక్‌డౌన్ వచ్చింది. మగ్గాలు ఆగిపోయాయి. భేస్తాన్‌లో మేముండే గల్లీలో సగం ఇళ్లకు తాళాలు పడ్డాయి, జనం సొంతూళ్లకని కరీంనగర్ వైపు వెళ్లిపోయారు. మేం ఉండిపోయాం. బిడ్డ తన బూజుల కోసం దిగులు పడింది. వాటిని బతికించింది కాలేజీ ల్యాబులో పనిచేసే ఒక పెద్దాయన. బార్డోలీలో ఉంటాడు, గుజరాతీ ఆయన, బిడ్డ కాకా అంటుంది. పాసు తీసుకుని వారానికి రెండుసార్లు ల్యాబుకు వచ్చి, ఫ్రిజ్ నడుస్తోందో లేదో చూసి, ఫోన్‌లో ఒకటే మాట చెప్పేవాడు. "నీ పంతొమ్మిది మంది పిల్లలూ పడుకున్నారు బేటీ."

మరుసటి ఏడాది ల్యాబు తెరిచాక, వంతుల వారీగా వారానికి రెండు రోజులు ఇచ్చారు. అప్పుడు అసలు పరీక్ష మొదలైంది. దాన్ని బిడ్డ నాకు కాగితం మీద గీసి చూపించింది. ఒక గాజు పళ్లెంలో చీము బ్యాక్టీరియాను గంజి పూసినట్టు పలుచగా పూస్తారు. గుండ్రటి చిన్న కాగితం బిళ్లను బూజు రసంలో ముంచి దాని మీద పెడతారు. ఒక రోజు గడిస్తే పళ్లెమంతా బ్యాక్టీరియా పెరిగి మసక కమ్ముతుంది. రసంలో బలం ఉంటే బిళ్ల చుట్టూ మాత్రం ఏమీ పెరగదు, ఆ గుండ్రం తేటగా మిగులుతుంది. తేట గుండ్రం ఎంత వెడల్పు ఉంటే రసానికి అంత బలం. ప్రతి పళ్లెంలోనూ ఇంకో బిళ్ల ఉంటుంది. అది దుకాణంలో దొరికే, అందరికీ తెలిసిన మందుది. దాని గుండ్రం ప్రతిసారీ ఇంచుమించు ఒకే వెడల్పు రావాలి. అది సరిగ్గా వస్తేనే ఆ పళ్లేన్ని నమ్మాలి.

"అంటే అది మీ మీటరు కర్ర," అన్నాను. ఆ రోజు నా బిడ్డ చదువు నాకు అర్థమైంది. ఇది కొలత పని. మా ఇంటి పనే.

మొదటి ఆరు, తర్వాత ఆరు, మొత్తం పన్నెండు బూజుల గుండ్రాలను తనే కొలిచింది. మూడో విడత ఏడు బూజులవి. పదమూడు నుంచి పంతొమ్మిది దాకా. పళ్లేలలో బిళ్లలు పెట్టి వచ్చిన మర్నాడే జ్వరం వచ్చింది. పరీక్షలో కరోనా అని తేలింది. పై గదిలో పడుకోబెట్టాం. మా ఇద్దరికీ లేదని వచ్చింది. మా ఇంటామె అన్నం గిన్నె మెట్ల మీద పెట్టి దిగిపోయేది.

కాకా ప్రతి పళ్లెం పక్కనా ఒక స్కేలు పెట్టి ఫోటోలు తీసి పంపాడు. వాటి వెనకాలే బిడ్డకు పాఠం చెప్పే మేడం నుంచి సందేశం వచ్చింది. కేసులు పెరుగుతున్నందున శనివారం నుంచి ల్యాబు మళ్లీ మూసేస్తున్నారు. చూసుకునే మనిషి లేకుండా బతికున్న సూక్ష్మజీవులను వదలకూడదు గనుక ఆవిరి డ్రమ్ములో పెట్టి అన్నిటినీ చంపేయాలి. ఫ్రీజర్‌లో బిడ్డకు దొరికిన జాగా రెండు గొట్టాలకు మాత్రమే. శుక్రవారం సాయంత్రానికి రెండు నంబర్లు చెప్పాలి.

ఏడాదిన్నర పనిలో మిగిలేది ఆ రెండే.

మెట్ల కింద నిలబడి అడిగాను. "కొలిచినవా బిడ్డా?"

"కండ్లు మండుతున్నయ్ బాపు. స్క్రీన్ సూస్తె గీతలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నయ్."

"నేను కొలుస్త."

"తేట గుండ్రం వెడల్పు మిల్లీమీటర్లల్ల తీయాలె. ఫోటోల స్కేలుంది గదా, దాన్ని బట్టి లెక్క…"

"లెక్క నాకు జెప్తున్నవా?"

పైనుంచి దగ్గుతో కలిసిన నవ్వు వినపడింది. "సరే మాస్టరూ, కానియ్యి."

ల్యాప్‌టాప్ ముందు పెట్టుకుని ఉక్కు స్కేలుతో కూర్చున్నాను. ఫోటోలోని స్కేలు మీద పది మిల్లీమీటర్లు తెర మీద ముప్పై నాలుగు వస్తున్నాయి. అంటే ప్రతి కొలతనూ మూడు పాయింట్ నాలుగుతో భాగించాలి. ప్రతి గుండ్రాన్నీ అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి కొలిచి సగటు తీశాను. మొత్తం పని మూడుసార్లు చేశాను. మూడుసార్లూ ఒకటే అంకెలు వచ్చాయి.

కానీ ఒక తప్పు చేశాను. మూడుసార్లూ అదే తప్పు చేశాను గనుక అంకెలు కలిశాయి.

గుడ్డ పన్నా కొలిచేటప్పుడు రెండు పక్కల అంచును వదిలేస్తాం. కినారీ అంటాం దాన్ని. అది మగ్గం పట్టుకోవడానికి ఉండే పట్టీ, గుడ్డ కాదు. కొత్తగా చేరినవాడు కినారీతో కలిపి కొలిస్తే కార్ఖానా అంతా ఎగతాళి చేస్తుంది. "నీ లుంగీ గూడ కలుపకపోయినవ్‌రా, ఇంకో రెండు అంగుళాలు ఒచ్చేది!" ఆ పళ్లేలలో తేట గుండ్రం నడుమనున్న కాగితం బిళ్ల నా కంటికి కినారీలాగే కనపడింది. కాగితం తేట కాదు కదా. అందుకని తెర మీదే మొత్తం వెడల్పు కొలిచి, అందులోంచి బిళ్ల వెడల్పు తీసేసి, ఆ తర్వాత భాగించాను. నాకెవరూ అట్లా చెప్పలేదు. చెప్పకుండానే జాగ్రత్త తీసుకున్నానని లోపల సంతోషపడ్డాను కూడా.

అంకెలు బిడ్డకు చదివి వినిపించాను. తను కొలిచిన పన్నెండింటిలో మూడో నంబరుకు పదిహేడు, తొమ్మిదికి పదహారు ఉన్నాయి. నేను కొలిచిన వాటిలో పెద్దది పద్నాలుగో నంబరు, పదిహేను. మిగతా ఆరూ పదికి లోపే.

"పద్నాలుగు ఒక్క మిల్లీమీటరుతోని పోయింది బాపు. అది ఒస్తదనుకున్న." పీత డొప్ప మీద అతుక్కున్న స్పాంజిలోంచి తీసినది అది. గొట్టంలో లేత పచ్చగా పెరిగేది, తనకు ముద్దు.

"కొలత కొలతే బిడ్డా."

"అవ్ లే." మేడంకు మూడు, తొమ్మిది అని పంపింది.

శనివారం పొద్దున చాయ్ తాగి, ఆ అంకెలన్నీ ఒక గీతల కాగితం మీద శుభ్రంగా ఎత్తి రాస్తున్నాను. బిడ్డకు ఒంట్లో కుదుటపడ్డాక పనికొస్తుందని. నాకు ఏ పట్టికనైనా అడ్డంగా కంటే నిలువుగా చదవడం అలవాటు. ఒక్కొక్క తాకా ఎట్లా ఉందో అడ్డంగా తెలుస్తుంది, మగ్గం ఎట్లా ఉందో నిలువుగా తెలుస్తుంది. చివరి వరుస అందరికీ తెలిసిన మందుది. పైనుంచి చదువుకుంటూ వచ్చాను. ఇరవై రెండు, ఇరవై మూడు, ఇరవై రెండు, ఇరవై రెండు… పన్నెండు దాకా అంతే. పదమూడు దగ్గర పదహారు. తర్వాత పదహారు, పదిహేడు, పదహారు. చివరిదాకా అంతే.

మీటరు కర్ర కురచయింది.

మందు పాతబడిందేమో అనుకున్నాను. పాతబడితే ఒకదానికి నాలుగు, ఒకదానికి ఏడు తగ్గాలి. ఇక్కడ అన్నిటికీ ఆరే తగ్గింది. ఏడు పళ్లేలకూ సరిగ్గా ఆరు తగ్గడం మందు పని కాదు, మనిషి పని.

మెట్ల దగ్గరికి వెళ్లాను. "బిడ్డా, ఆ కాయితం బిళ్ల ఎంతుంటది?"

"ఆరు మిల్లీమీటర్లు. ఎందుకు?"

మెట్టు మీద కూర్చుండిపోయాను. "బిళ్లను తీసేసి కొలిచిన."

"అరే బాపు… బిళ్లతోని కలిపే కొలుస్తరు. దునియా మొత్తం అట్లనే కొలుస్తది." అంతలోనే గొంతు మారింది. "అంటె, పద్నాలుగు…"

"ఇరవై ఒకటి."

"కాకా తొమ్మిదింటికి డ్రమ్ము పెడ్తడు బాపు!"

అప్పుడు తొమ్మిది దాటి ఐదు నిమిషాలు. కాకా ఫోన్ ఎత్తలేదు. ల్యాబులోకి వెళ్లేటప్పుడు ఫోన్ బయట అలమరలో పెట్టి వెళ్లడం ఆయన నియమం. మేడంకు చేస్తే ఇంకెవరితోనో మాట్లాడుతున్నట్టు వచ్చింది. నేను స్కూటర్ తీశాను. ఇంట్లో కేసు ఉన్నవాణ్ని, బయటికి రాకూడదని తెలుసు. రెండు మాస్కులు కట్టుకుని, ఎక్కడా ఆగకుండా వెళ్లాను.

గేటు దగ్గర వాచ్‌మన్ ఆపాడు. "ఇంట్లో ఎవరికైనా ఉందా?" అని హిందీలో అడిగాడు.

ఉంది అన్నాను. నాలుగడుగులు వెనక్కు జరిగాడు. "అయితే లోపలికి లేదు."

"నేను రాను. కాకాను పిలువు. పద్నాలుగు చంపొద్దని చెప్పు."

వాచ్‌మన్ నా మొహం చూసి కంగారు పడ్డాడు. "పద్నాలుగు మందినా?"

"బూజు భాయ్, బూజు! గొట్టంలో బూజు!"

తల గోక్కుంటూ లోపలికి వెళ్లాడు. ఎనిమిది నిమిషాలకు కాకా చేతులకు గ్లౌజులతో బయటికి వచ్చి గేటుకు ఆవల నిలబడ్డాడు. "ఏం హిసాబ్ సాహెబ్, ఇంత ఎండలో?" నా లెక్కల పిచ్చి గురించి బిడ్డ చెప్పగా విని ఆయన నాకు పెట్టిన పేరు అది.

"పద్నాలుగు ఉందా?"

"మొదటి దఫా పది గొట్టాలు అయిపోయాయి. పదమూడు నుంచి రెండో దఫా. బుట్టలో పెట్టాను, ఇంకా డ్రమ్ములోకి దించలేదు."

నంబర్ల వరుసలో పనిచేసే మనిషి అంటే నాకు గౌరవం. "దాన్ని ఉంచాలి కాకా."

"నేను ఉంచితే ఉంటుందా? ఫ్రీజర్లో రెండే గూళ్లు. మేడం చెప్పాలి."

మళ్లీ ఫోన్ చేస్తే మేడం ఎత్తింది. హిందీలో మొత్తం చెప్పాను. కొలత తప్పు పోయింది, బిళ్ల వెడల్పు తీసేయబడింది అన్నాను.

"ఎవరు కొలిచారు?" అని అడిగింది.

బిడ్డ అని చెప్పవచ్చు. పట్టిక మీద ఉన్నది తన పేరే. జ్వరంలో తప్పు పోయిందంటే ఎవరూ కాదనరు.

"నేను మేడం. వాళ్ల నాన్నను."

"మీరేం చేస్తారు?"

"బమ్రోలిలో గుడ్డ చెక్ చేస్తాను."

"అట్లా అయితే మూడో విడత కొలతలు అన్నీ పక్కన పెట్టాల్సిందే," అంది. గొంతులో కోపం లేదు, అది ఇంకా కష్టంగా ఉంది.

"పెట్టండి మేడం. తప్పు నాది. కానీ కొలత మళ్లీ తీసుకోవచ్చు, ఫోటోలున్నాయి. చంపేసినదాన్ని మళ్లీ పెంచలేం. తేడా ఆరేనని నేను ఊరికే అనడం లేదు. మందు బిళ్ల వరుస చూడండి."

"చదవండి."

కాగితం ఇంట్లోనే మరిచిపోయాను. అవసరం పడలేదు. పంతొమ్మిది అంకెలూ వరుసగా చెప్పాను. పన్నెండు పెద్దవి, ఏడు చిన్నవి. చెప్పడం అయ్యాక అవతల కలం గీసిన చప్పుడు వినపడింది. మేడం తీసివేతలు చేస్తోంది. ఒక్కొక్కటీ చేసింది. ఆ ఓపికకు నాకు ఆమె మీద నమ్మకం కుదిరింది.

"ఫోన్ స్పీకర్లో పెట్టండి," అంది చివరికి. "కాకా, పద్నాలుగు ఉంచండి. తొమ్మిది తీసేయండి. మూడు ఉండనీ." తర్వాత నాతో, "అమ్మాయికి నయమయ్యాక అన్నీ తనే మళ్లీ కొలవాలి. మీరు ముట్టుకోవద్దు."

"ముట్టుకోను మేడం."

కాకా లోపలికి వెళ్లబోతూ వెనక్కు తిరిగాడు. "మా అల్లుడు నా కూతురు కోసం కూడా ఎన్నడూ ఇంత తొందరగా రాలేదు భాయ్. నువ్వు బూజు కోసం వచ్చావు."

ఇంటికి వచ్చి మెట్ల కింద నిలబడి, "ఉన్నది," అని ఒక్క మాట చెప్పాను. పైనుంచి ముక్కు చీదిన చప్పుడు వచ్చింది. మా ఇంటామె వంటింటి గుమ్మంలో నిలబడి నన్ను పై నుంచి కింది దాకా చూసింది. "బూజు కోసం తండ్రి ఉరుకుడు, బిడ్డ ఏడ్సుడు. నన్ను ఎక్కడ ఇచ్చిండ్రో మా అయ్య!"

బిడ్డ పదిహేను రోజులకు కిందికి దిగింది. మొదట చేసిన పని ఫోటోలు కొలవడం. నేను గదిలోకి కూడా వెళ్లలేదు. పద్నాలుగో నంబరుకు ఇరవై ఒకటి వచ్చింది. వానలు పడ్డాక ల్యాబు తెరిచారు. ఫ్రీజర్‌లోంచి తీసిన బూజు మొదటి వారం పెరగలేదు, రెండో వారం అంచున లేత పచ్చగా లేచింది. ఆ బూజుతో కొత్తగా మూడుసార్లు పరీక్ష చేసింది. తర్వాత ఆ రసాన్ని భాగాలుగా విడదీసి, ఏ భాగంలో బలం ఉందో వెతికింది. నాలుగో భాగంలో దొరికింది.

"అయితె మందు దొరికినట్టేనా?" అని అడిగాను.

"కాదు బాపు. గాజు పళ్లెంల పనిచేసింది, గంతే. మనిషి ఒంట్ల పనిచేస్తదో, ఇషమైతదో ఎవ్వలికీ తెల్వది. ఇంతకు ముందే ఎవరన్న కనిపెట్టిందే గూడ కావచ్చు. ఇంకా శాన మెట్లున్నయ్."

నాకు ఆ జవాబు నచ్చింది. ఉన్నదాన్ని ఉన్నంతే చెప్పింది. కార్ఖానాలో మగ్గాలు మళ్లీ పూర్తిగా నడిచాక, నాతోటి వాళ్లకు ఈ కథ తెలిసింది. "లెక్కల మామా, ఇగో బూజు తాకా దొరికింది, నీ బిడ్డకు పంపుదుమా?" అని అరిచేవాళ్లు. "సముద్రంల నానవెట్టి పంపు," అనేవాణ్ని. బయటికి అట్లా అన్నా, ఆ మాట విన్న ప్రతిసారీ ఛాతీ ఒక అంగుళం పెరిగేది. కొలవలేదు గానీ, పెరిగేది.

బిడ్డ ఎమ్మెస్సీ చివరి పరీక్ష, ప్రశ్నలకు నోటితో జవాబు చెప్పేది, ఇంట్లోనే, ల్యాప్‌టాప్ ముందు జరిగింది. ముందురోజు, ఆ పరీక్ష కోసం తను రాసిచ్చిన పుస్తకంలో ఒక పేజీ నాకు తెలుగులో చదివి వినిపించింది. మూడో విడత గుండ్రాలను మొదట బిళ్ల తీసేసి కొలిచారని, మందు బిళ్ల వరుసను బట్టి ఆ తప్పు దొరికిందని, అన్నీ మళ్లీ కొలిచారని రాసి ఉంది.

"తప్పును పుస్తకంల ఎందుకు రాస్తవే? సరిజేసినం గదా," అన్నాను.

"రాయకుంటె రేపు ఇంకొకరు గదే చేస్తరు బాపు. సిగ్గనిపిస్తుందా?"

"లేదు. ఉండనియ్యి."

మర్నాడు నేను ల్యాప్‌టాప్ వెనక కుర్చీలో కూర్చున్నాను, తెరలో కనపడకుండా. పరీక్ష పెట్టే ఆయన ఎక్కడో దూరపు ఊరి నుంచి మాట్లాడుతున్నాడు. అరగంట గడిచాక సరిగ్గా ఆ పేజీ దగ్గర ఆగాడు. "ఈ తప్పును ఎవరు పట్టుకున్నారు?"

"మా నాన్న సార్," అంది బిడ్డ హిందీలో. "చేసింది కూడా ఆయనే."

అవతల ఇద్దరు ముగ్గురు నవ్వారు, మేడం గొంతు కూడా వినపడింది. "ఆయన ఉన్నారా అక్కడ?" అన్నాడాయన. నేను చేతులు అడ్డంగా ఊపుతున్నాను, లుంగీ మీద ఉన్నానని. బిడ్డ ల్యాప్‌టాప్‌ను అప్పటికే తిప్పేసింది. చొక్కా ఉంది, అదొక్కటి నయం. లేచి నిలబడకుండా కుర్చీలోంచే నమస్తే పెట్టాను.

"ఎట్లా పట్టుకున్నారు సార్?" అని అడిగాడు. నన్ను సార్ అన్నాడు.

"నిలువు వరుస చదివాను సార్," అన్నాను. అంతకంటే చెప్పడానికి ఏమీ లేదు.

ఆయన తల ఊపి ఏదో రాసుకున్నాడు. బిడ్డ ల్యాప్‌టాప్‌ను తన వైపు తిప్పుకుంది. పద్నాలుగో నంబరు తుది అంకెలు చదవమన్నాడు. మూడు పరీక్షలు: ఇరవై, ఇరవై ఒకటి, ఇరవై ఒకటి. సగటు ఇరవై పాయింట్ ఆరు ఏడు అని చెప్పింది. నేను అప్పటికే తీసి పెట్టుకున్నాను. సరిగ్గానే చెప్పింది.